నెగ్లీ దుర్గం: రాళ్లు చెప్పని చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెనెసీకి రాజధాని నాష్‌విల్. నగర కేంద్రానికి దక్షిణాన, సెయింట్ క్లౌడ్ అనే గుట్టపైన, నక్షత్రాకారంలో ఒక రాతికోట అవశేషాలు కనిపిస్తాయి. అదే నెగ్లీ దుర్గం. బానిసత్వ సమస్య కారణంగా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య 1861లో చెలరేగి 1865 వరకు సాగిన అంతర్యుద్ధానికి అది సాక్షి.

1862 ఫిబ్రవరిలో నాష్‌విల్ ఉత్తరాది సైన్యం వశమైంది. దక్షిణాది సేనలు దానిని తిరిగి ఆక్రమించకుండా ఒక దుర్గం అవసరమైంది. సైనిక ఇంజనీరు జేమ్స్ మోర్టన్ పర్యవేక్షణలో ఆగస్టులో ఆరంభమైన నిర్మాణం డిసెంబరు నాటికి ముగిసింది.

ఇంత త్వరగా ఆ కోటను లేపిన చేతులు ఎవరివి? నల్లజాతి స్త్రీపురుషులవి. వారిలో బానిసలు ఉన్నారు, యజమానుల నుండి పారిపోయి వచ్చినవారు ఉన్నారు, స్వతంత్రులూ ఉన్నారు. సైనికులు అనేకులను వీధులలోను, ప్రార్థన చేసుకుంటున్న చర్చిలలోను పట్టుకొని పనికి తరలించారు. దేశ సమైక్యత కోసం పోరాడుతున్న పక్షమే వారిచేత వెట్టిచాకిరి చేయించింది. పనివారి పట్టికలో 2,771 పేర్లు నమోదు కాగా, కూలి ముట్టినది 310 మందికి మాత్రమే. ఆకలికి, చలికి, రోగాలకు 600 నుండి 800 మంది వరకు మరణించారని చరిత్రకారుల అంచనా.

1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ వెలువరించిన విమోచన ప్రకటన టెనెసీకి వర్తించలేదు. అక్కడి బానిసలకు చట్టరీత్యా విముక్తి లభించినది 1865లోనే. అయినప్పటికీ 1864 డిసెంబరు 15, 16 తేదీలలో జరిగిన నాష్‌విల్ యుద్ధంలో నల్లజాతి పటాలాలు ఉత్తరాది పక్షాన పోరాడి విజయంలో పాలుపంచుకున్నాయి.

యుద్ధానంతరం కోట పాడుబడింది. 1930 దశకంలో, నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకం కింద దానిని పునర్నిర్మించారు. మళ్లీ ఉపేక్షకు గురై, 2004లో సందర్శకులకు తెరుచుకుంది. పక్కనున్న స్థలంలో భవనాలు నిర్మించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, అక్కడ ఆ శ్రామికుల సమాధులు ఉండవచ్చునని పురావస్తు పరిశోధకులు తెలిపారు. 2018లో ఆ ప్రతిపాదన విరమించబడింది. మరుసటి సంవత్సరం యునెస్కో తన బానిస మార్గాల పథకంలో ఈ దుర్గానికి స్థానం కల్పించింది.

నేడు సందర్శకులు చూసే గోడలలో అధికభాగం ఆ పునర్నిర్మాణానికి చెందినదే. 1862 నాటి శ్రామికుల పేర్లు మాత్రం ఆ కూలి పట్టికలో నిలిచి ఉన్నాయి. తమ పూర్వికులను వెదుక్కునే వంశస్థులకు నేడు ఆధారం ఆ కాగితాలే. చెల్లించని కూలికి రుజువు కూడా అవే.