ఆడపిల్లలకు కంప్యూటరు విద్య : ఉపకార వేతనములను అందుకొను విధము

పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున మన గ్రామములలోని పెక్కు ఇండ్లలో ఒక ఆలోచన బయలుదేరును. కుమారుడు ఉత్తీర్ణుడైనచో “ఏ చదువునకు పంపుదము?” అని అడుగుదురు. కుమార్తె ఉత్తీర్ణురాలైనచో “ఇంకను చదివించవలెనా?” అని అడుగుదురు. ఈ రెండు ప్రశ్నలకు గల అంతరమును తగ్గించు సాధనములలో ఉపకార వేతనము ఒకటి. కంప్యూటరు విద్య నభ్యసింపగోరు బాలికలకును, వెనుకబడిన మరియు అల్పసంఖ్యాక వర్గముల విద్యార్థులకును ఎట్టి సహాయములు కలవో, అవి ఏల ఏర్పడినవో, వానిని చేజార్చుకొనకుండుటకు ఏమి చేయవలెనో ఇచట వివరింపదలచితిమి.

కంప్యూటరు విద్య యననేమి?

మీటలు నొక్కుట నేర్చుకొనుటయే కంప్యూటరు విద్య యని కొందరు తలంచెదరు. అది సరికాదు. ఒక గృహిణి పాల కేంద్రమునకు పాలు తెచ్చినదనుకొందము. యంత్రము వెన్న శాతమును చూచును. పాల పరిమాణమును లెక్కించును. ధర కట్టి చీటీ ఇచ్చును. ఏది ముందు కొలువవలెనో, ధర ఎట్లు కట్టవలెనో, కొలత తప్పినచో ఏమి చేయవలెనో మెట్టు మెట్టుగా ఆ యంత్రమునకు వ్రాసి ఇచ్చినవారు మనుష్యులే. ఆ వ్రాతకే ప్రోగ్రాము అని పేరు. దానిని తప్పులు లేకుండ వ్రాయుట, తప్పు దొరలినచో ఓర్పుతో వెదకి సవరించుట ఈ విద్యయందలి సారము. దీనికి కావలసినవి గణితము, క్రమమైన ఆలోచన, పట్టుదల. ఇవి మగవారి సొత్తు కావు. పట్టణవాసుల సొత్తును కావు.

చరిత్ర చెప్పు సాక్ష్యము

“కంప్యూటరు” అను మాట మొదట యంత్రమునకు పేరు కాదు. లెక్కలు కట్టు మనిషికి పేరు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికాలో ఫిరంగి గుండ్ల గమనమును గణించు పనిలో పెక్కురు స్త్రీలు ఉండిరి. 1946లో లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ అను కంప్యూటరునకు ప్రోగ్రాములు సిద్ధపరచినవారు వారినుండి ఎన్నుకొనబడిన ఆరుగురు స్త్రీలే. వారిలో ఒకరైన కాథ్లీన్ మెక్‌నల్టీ ఐర్లండు దేశపు పల్లెటూరిలో ఒక రాతిపనివాని ఇంట జన్మించెను. బాల్యములో అమెరికా చేరునాటికి ఆమెకు ఇంగ్లీషు రాదు. తెలుగు మాధ్యమములో చదివిన మన పిల్ల ఈ విద్యకు తగునా యని సందేహించు తల్లిదండ్రులు ఈ విషయమును గమనింపవలెను.

స్త్రీలతో ఆరంభమైన ఈ వృత్తిలో తరువాత స్త్రీల సంఖ్య తగ్గినది. అమెరికాలో 1984 ప్రాంతమున కంప్యూటరు పట్టభద్రులలో నూటికి 37 మంది స్త్రీలుండగా, పిమ్మట పాతికేండ్లలో ఆ సంఖ్య నూటికి 18కి దిగినది. ఇంతలో ఆడపిల్లల తెలివి తగ్గలేదు గదా! ఇండ్లకు చిన్న కంప్యూటర్లు వచ్చినపుడు అవి బాలుర ఆటవస్తువులుగా ప్రచారము పొందినవి. తల్లిదండ్రులు వానిని కుమారులకే ఎక్కువగా కొనిపెట్టిరి. కళాశాలలో చేరునాటికే బాలురకు కొంత అభ్యాసము కలిగియుండెను. బాలికలకు అది కొత్త. ఆ కొరతను తెలివి కొరతగా పలువురు పొరబడిరి.

ఈ పొరబాటును సవరింపవచ్చునని నిరూపించిన విద్యాసంస్థ ఒకటి కలదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1995లో కంప్యూటరు శాఖలో చేరినవారిలో స్త్రీలు నూటికి 7 మంది మాత్రమే. అచటి అధ్యాపకులు కారణములను పరిశీలించి, ప్రవేశమునకు పూర్వ అభ్యాసము ముఖ్యము కాదని నిర్ణయించిరి. కొత్తగా నేర్చుకొనువారికి తగిన తరగతులను ఏర్పరచిరి. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిరి. 2000 నాటికి ఆ సంఖ్య నూటికి 42కి పెరిగినది. ద్వారము తెరచినచో ప్రవేశించువారు కొరవడరని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున ఇంజనీరింగు డిగ్రీ చదువువారిలో బాలికలు నేటికిని మూడవ వంతునకు లోపుగనే ఉన్నారు. ఇచట అడ్డుపడునవి ముఖ్యముగా డబ్బు, దూరము, త్వరపడి చేయు వివాహము. ఉపకార వేతనము మొదటి అడ్డును తొలగించి, తక్కిన రెంటిని ఎదుర్కొనుటకు బలమిచ్చును.

ఇది దానము కాదు

ఇట్టి సహాయమును దయాధర్మముగా భావింపరాదు. నేడు రేషను దుకాణమున వ్రేలిముద్ర వేయనిదే బియ్యము దొరకుట కష్టము. ఏండ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, రాళ్లు మోసిన చేతుల వ్రేలిరేఖలు అరిగిపోవును. యంత్రము వానిని గుర్తింపక నిరాకరించును. ఇట్టి చిక్కు కలుగునని ముందుగా తలంపునకు వచ్చునది ఎవరికి? అట్టి చేతులను తన ఇంట చూచిన పిల్లకే గదా!

2018లో జాయ్ బువోలమ్విని, టిమ్నిట్ గెబ్రూ అను ఇరువురు పరిశోధకురాండ్రు, ముఖమును చూచి స్త్రీయో పురుషుడో చెప్పు మూడు ప్రోగ్రాములను పరీక్షించిరి. తెల్లని ఛాయగల పురుషుల విషయమున తప్పు నూటికి ఒకటికన్న తక్కువ. నల్లని ఛాయగల స్త్రీల విషయమున అది ఒక ప్రోగ్రాములో నూటికి 34కు పైబడినది. ఈ లోపమును వెలికితీసిన ఇరువురును నల్లజాతి స్త్రీలే. యంత్రములు అందరికిని సేవ చేయవలెనన్నచో, వానికి ఆజ్ఞలు వ్రాయువారిలో అన్ని వర్గములవారును ఉండవలెను. కావున ఈ వేతనములపై వెచ్చించు ధనము దేశమునకు పెట్టుబడియే.

ప్రగతి ఉపకార వేతనము

సాంకేతిక విద్య నభ్యసించు బాలికల కొరకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి నడుపు పథకమునకు ప్రగతి యని పేరు. మండలి ఆమోదము పొందిన సంస్థలో డిప్లొమా లేక డిగ్రీ మొదటి సంవత్సరమున చేరిన బాలికలు, డిప్లొమా ముగించి డిగ్రీ రెండవ సంవత్సరమున నేరుగా చేరినవారు దీనికి అర్హులు. కుటుంబ వార్షికాదాయము 8 లక్షల రూపాయలకు మించరాదు. ఒక కుటుంబమునుండి ఇరువురు బాలికల వరకు పొందవచ్చును. ఏటేట 50,000 రూపాయలు విద్యార్థిని బ్యాంకు ఖాతాలోనే జమయగును. ఎంపిక మార్కులను బట్టి జరుగును. షెడ్యూల్డు కులములకు, తెగలకు, ఇతర వెనుకబడిన వర్గములకు వారి వంతు కేటాయింపబడియున్నది. మతభేదము లేదు గనుక అల్పసంఖ్యాక వర్గముల బాలికలును దరఖాస్తు చేయవచ్చును.

ఒక లెక్క చూతము. పదవ తరగతి ముగించిన బాలిక పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్కులో మూడేండ్ల కంప్యూటరు డిప్లొమాలో చేరినదనుకొందము. ఎంపికైనచో మూడేండ్లకు 1,50,000 రూపాయలు లభించును. ఇంటరు ముగించి నాలుగేండ్ల డిగ్రీలో చేరిన బాలికకు 2,00,000 రూపాయలు లభించును. ఈ ధనమును రుసుములకే గాక పుస్తకములకు, కంప్యూటరు కొనుగోలునకు కూడ వినియోగింపవచ్చును. అయితే పై తరగతికి ఉత్తీర్ణత పొందినగాని మరుసటి ఏటి వేతనము రాదు. నడుమ చదువు మానినచో అదియును ఆగిపోవును. పిల్లకు పెండ్లి తలపెట్టు పెద్దలు ఈ సంగతిని మరువరాదు.

అంగవైకల్యము 40 శాతమునకు తక్కువ కాకుండ గల విద్యార్థినీ విద్యార్థులకు ఈ మండలియే సక్షమ్ అను పథకమును నడుపుచున్నది.

ఇతర సహాయములు

షెడ్యూల్డు కులముల విద్యార్థులకు పదవ తరగతి పై చదువులకై ఇచ్చు కేంద్ర ఉపకార వేతనము 1944 నుండియు కలదు. 2020 డిసెంబరులో దీనిని సంస్కరించి, వ్యయములో 60 శాతము కేంద్రమును 40 శాతము రాష్ట్రమును భరించునట్లు నిర్ణయించిరి. దీనికి తల్లిదండ్రుల ఆదాయ పరిమితి రెండున్నర లక్షల రూపాయలు. తెలుగు రాష్ట్రములు రెంటియందును షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన వర్గములు, అల్పసంఖ్యాక వర్గముల విద్యార్థులకు కళాశాల రుసుమును ప్రభుత్వము చెల్లించు పథకములు కలవు. తెలంగాణలో దీనికి ఈ-పాస్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవలెను.

ముస్లిము, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ విద్యార్థుల సాంకేతిక విద్యకై కేంద్ర ప్రభుత్వము 2007లో ఒక వేతనమును ప్రారంభించి, అందు 30 శాతము బాలికలకు కేటాయించెను. దానికి లభించిన ఆమోదము 2021-22 వరకు మాత్రమే. పాత కరపత్రములను నమ్మి కూర్చుండక, ఈ వర్గములవారు రాష్ట్ర పథకములను, ప్రగతిని ముందుగా చూచుకొనుట మేలు.

ప్రవేశములలోను బాలికలకు తోడ్పాటు కలదు. మన ఇంజనీరింగు కళాశాలల సీట్లలో మూడవ వంతు బాలికలకు ప్రత్యేకింపబడినది. ఐ.ఐ.టి.లలో 2018 నుండి బాలికలకు అదనపు సీట్లు ఏర్పడినవి. అచట షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకును, లక్ష రూపాయల లోపు ఆదాయముగల కుటుంబములవారికిని బోధనా రుసుము పూర్తిగ లేదు. లక్ష నుండి ఐదు లక్షల వరకు ఆదాయమున్నచో మూడింట రెండు వంతులు మినహాయింతురు. గ్రామీణ విద్యార్థులకై 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయములో పదవ తరగతి మార్కులతోనే ఆరేండ్ల చదువునకు ప్రవేశము దొరకును. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో అవి మొదట వెలసినవి.

గ్రామస్థులు చేయవలసిన పని

అర్హత యుండియు వేతనము కోల్పోవు పిల్లలు ఎందరో కలరు. కారణము పెక్కుమార్లు ఒక కాగితము. లేక ఒక తేదీ. కావున ఈ క్రింది విషయములలో జాగరూకత అవసరము.

మొదటిది: పరీక్షలు ముగిసిన వెంటనే ఆదాయ ధ్రువపత్రమునకును, వలసినచో కుల ధ్రువపత్రమునకును మీ సేవ కేంద్రమున దరఖాస్తు చేయవలెను. సీటు వచ్చిన పిమ్మట చూతమన్నచో ఆలస్యమగును.

రెండవది: బ్యాంకు ఖాతా విద్యార్థిని పేరనే ఉండవలెను, దానికి ఆధారు అనుసంధింపబడవలెను. పదవ తరగతి మెమోలోని పేరు, ఆధారులోని పేరు, ఖాతాలోని పేరు ఒక్కటిగా ఉన్నవో లేవో అక్షరమక్షరము సరిచూడవలెను. ఇంటిపేరు ఒకచోట పూర్తిగను, మరొకచోట పొడి అక్షరముగను ఉండుట వలన ధనము ఆగిన సందర్భములు పెక్కు.

మూడవది: ప్రగతికి జాతీయ ఉపకార వేతనముల పోర్టల్‌లో దరఖాస్తు చేయవలెను. చివరి తేదీ యేటేట ప్రకటింపబడును. దరఖాస్తు పంపుటతో పని ముగియదు. కళాశాల అధికారి దానిని పరిశీలించి ఆమోదింపవలెను. లోపమున్నదని త్రిప్పి పంపినచో గడువులోపల సవరింపవలెను. వారమున కొకసారి దాని స్థితిని చూచుకొనుట మంచిది.

నాలుగవది: ఒకే కాలమున రెండు వేతనములు పొందవచ్చునో లేదో ఆ యేటి నిబంధనలలో చదివి తెలిసికొనవలెను. రుసుము చెల్లించు పథకము, ప్రగతి వీనిలో ఏది లాభకరమో కళాశాలవారిని అడిగి నిర్ణయించుకొనవలెను.

ఐదవది: చేరబోవు కళాశాలకు సాంకేతిక విద్యా మండలి ఆమోదము కలదా, బాలికల వసతిగృహము కలదా, కంప్యూటరు ప్రయోగశాల పనిచేయుచున్నదా అని స్వయముగా పోయి చూడవలెను. మధ్యవర్తులకు డబ్బు ఇయ్యవలదు. దరఖాస్తునకు రుసుము లేదు. ఫోనులో అడిగినవారికి ఖాతా సంఖ్యను, రహస్య సంకేతమును తెలుపరాదు.

ఈ పనులలో తల్లిదండ్రులకు తోడుగా నిలువగలవారు ప్రతి గ్రామమునను కలరు. ప్రధానోపాధ్యాయులు పదవ తరగతి బాలికల జాబితా వ్రాసికొని, ఎవరెవరు పై చదువునకు పోలేదో విచారింపవచ్చును. స్వయం సహాయక సంఘముల సోదరీమణులు తమ సమావేశములో ఒక్క పూట ఈ విషయమునకు కేటాయింపవచ్చును. డిగ్రీ చదువుచున్న యువతీయువకులు దరఖాస్తులు నింపుటలో సాయపడవచ్చును. మసీదు, చర్చి, దేవాలయ పెద్దలు తమ వారికి ఈ వార్తను చేరవేయవచ్చును.

ఒక బాలిక చదువు నిలిచిపోవుటకు తెలివి చాలకపోవుట కారణము కారాదు, పేదరికము కారణము కారాదు, కడకు ఒక సంతకము ఆలస్యమగుటయు కారణము కారాదు. ప్రభుత్వము చేయవలసినది కొంత చేసినది; ఇంకను చేయవలసినది కలదు. తక్కినది గ్రామము చేతిలో నున్నది. ఈ సంవత్సరము మీ ఊరిలో పదవ తరగతి ముగించు బాలికలు ఎందరో లెక్కించి, వారిలో ఒక్కరైనను కాగితము లేక ఆగిపోకుండ చూచుట మనందరి కర్తవ్యమని మేము విన్నవించుచున్నాము.