చేప నోరు తెరిచేది ఆకలికేనా?

పిల్లలూ! మీ ఇంట్లో రంగుచేపల తొట్టి ఉందా? మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లోనో, డాక్టరుగారి గదిలోనో తప్పక చూసే ఉంటారు. హన్మకొండ, వరంగల్ బజార్లలో రంగుచేపలమ్మే దుకాణం ముందు బడి వదిలాక ఎప్పుడూ నలుగురైదుగురు పిల్లలు ముక్కులు అద్దానికి ఆనించి నిలబడే ఉంటారు. మారాం చేసి కొనిపించుకునేవాళ్ళూ ఉన్నారు. ప్లాస్టిక్ సంచిలో రెండు బంగారు చేపలు, చేతిలో తిండి డబ్బా! వారం రోజులు ఇంట్లో పండుగే. పదో రోజున ఒక చేప వెల్లకిలా తేలుతుంది. మర్నాడు రెండోది.

"రోజూ కడుపునిండ పెట్టినం కద సార్, ఎందుకు సచ్చిపోయింది?" అని ఏటా ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది!

చేపలున్న ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్నే నాన్న పేపరు చదువుతూ చిటికెడు గుళికలు వేస్తారు. ఆయన వేశారని తెలియని మీరు బడికి పోయే ముందు మరో చిటికెడు వేస్తారు. మధ్యాహ్నం నాయనమ్మ తొట్టి దగ్గర కూర్చుంటుంది. చేప అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తూ, మూస్తూ ఉంటుంది. "అయ్యో పాపం, ఆకలైతున్నట్టుంది" అని నాలుగు మెతుకులు వేస్తుంది. సాయంత్రం తమ్ముడు తాను తింటున్న బిస్కెట్టులో సగం చేపకు పెడతాడు. రాత్రి మామయ్య వస్తే ఆయనకు చూపించడానికి ఇంకోసారి! అందరిదీ ప్రేమే. కాని ఆ చిన్న ప్రాణికి రోజుకు ఐదు భోజనాలు.

ముందుగా నాయనమ్మ సందేహం తీర్చుదాం. చేప నోరు తెరిచేది ఆకలికి కాదు, ఊపిరికి. మనం ముక్కుతో గాలి పీల్చినట్టు చేప నోటితో నీటిని లోపలికి తీసుకుంటుంది. నోరు మూయగానే ఆ నీరు తలకు రెండు పక్కలా ఉన్న మొప్పల మీదుగా బయటికి పోతుంది. నోరు మూసినప్పుడు మొప్పల మూతలు తెరుచుకోవడం మీరే గమనించవచ్చు. మొప్పలలోని సన్నని రక్తనాళాలు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును, అంటే ఆక్సిజన్‌ను, గ్రహిస్తాయి. ఈ పని రాత్రింబవళ్ళు ఆగకూడదు. 30 డిగ్రీల వేడి దగ్గర ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, ఒక లీటరు నీటిలో కరిగి ఉండగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. ఇంత కొద్దిపాటి దాని కోసం చేప ఎన్ని నీళ్ళు మింగి వదలాలో ఆలోచించండి!

మరి మనం దగ్గరికి పోగానే చేప ఎదురొస్తుందేం? అది నేర్చుకున్న విద్య. బంగారు చేపకు మూడు క్షణాలే జ్ఞాపకం ఉంటుందని ఒక మాట ప్రచారంలో ఉంది. అది శుద్ధ తప్పు. నేర్పిన సంగతిని అది నెలల తరబడి గుర్తుంచుకోగలదని ప్రయోగాలలో తేలింది. మనిషి నీడ పడితే తిండి పడుతుందని దానికి తెలుసు, అందుకే వస్తుంది. కడుపు నిండి ఉన్నా వస్తుంది.

"కడుపు" అన్నాను గాని, నిజానికి బంగారు చేపకు మనలాంటి జీర్ణాశయమే లేదు! మన చెరువుల్లోని బొచ్చె, బంగారుతీగ చేపల కుటుంబంలోదే ఇదీను. ఈ కుటుంబంలో నోటి నుంచి వచ్చిన ఆహారం నేరుగా పొడవైన పేగులోకి పోతుంది. ఒక పూట ఎక్కువగా తిని దాచుకునే సంచీ వీటికి లేదు. చెరువులోనైతే రోజంతా నాచు, చిన్న పురుగులు ఏరుకుంటూ కొద్దికొద్దిగా తింటాయి. తొట్టిలో ఒక్కసారిగా బోలెడు తిండి వేస్తే నోరు పట్టినంత తింటాయి. అది సగం అరిగి బయటికి వస్తుంది. తినలేనిది అడుగున రాళ్ళ సందుల్లోకి జారుతుంది.

పైగా చేపకు కావలసిన తిండి మనం అనుకునే దానికన్నా చాలా తక్కువ. మనం తినే అన్నంలో పెద్ద భాగం శరీరాన్ని 37 డిగ్రీల వెచ్చదనంలో నిలపడానికే ఖర్చయిపోతుంది. చేపకు ఆ ఖర్చు లేదు. నీరెంత వేడిగా ఉంటే దాని ఒళ్ళూ దాదాపు అంతే. శరీర బరువును నీరే మోస్తుంది గనుక నిలబడే శ్రమ కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మిగిలిన తిండి ఏమవుతుంది?

దీన్ని చేప లేకుండానే మీరు పరీక్షించవచ్చు. మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒక రోజు నిలవ ఉంచిన కుళాయి నీటిని సమంగా పోయండి. మొదటి దానిలో ఏమీ వేయకండి. రెండో దానిలో రెండు గుళికలు, మూడో దానిలో ఇరవై గుళికలు వేయండి. పలుచని గుడ్డ కప్పి నాలుగు రోజులు పొద్దున్నే చూస్తూ, చూసింది నోటుపుస్తకంలో రాయండి. మూడో గ్లాసులో నీరు పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. వాసన వేస్తుంది. ఆ తెలుపు గుళికల పిండి మాత్రమే కాదు, దాన్ని తింటూ పెరిగిన కోట్ల కొద్దీ బాక్టీరియా. అవి కూడా ఆక్సిజన్ పీలుస్తాయి. చేప ఆ గ్లాసులో ఉండి ఉంటే దాని ఊపిరిని అవి దోచుకునేవన్నమాట. (పరీక్ష అయ్యాక ఆ నీటిని బయట పారబోసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.)

అంతకంటె పెద్ద ప్రమాదం కంటికి కనిపించదు. తిండి డబ్బా మీద మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు, ఎంత శాతమో రాసి ఉంటుంది, చదవండి. ప్రొటీన్లలో నత్రజని ఉంటుంది. అవి అరిగినా, కుళ్ళినా ఆ నత్రజని అమోనియాగా మారుతుంది. మన శరీరంలో తయారయ్యే అమోనియాను కాలేయం యూరియాగా మార్చేస్తుంది, అది మూత్రంలో పోతుంది. చేప అంత శ్రమ పడదు. అమోనియాను మొప్పల ద్వారా నేరుగా నీటిలోకి వదిలేస్తుంది. పాకాల చెరువంత నీటిలో అది ఒక లెక్కలోది కాదు. పది లీటర్ల గాజు గిన్నెలో ఎక్కడికి పోతుంది? చేప అన్నం కంచం, పీల్చే గాలి, మరుగుదొడ్డి అన్నీ ఆ పది లీటర్లే! అమోనియా మొప్పలను కాలుస్తుంది. చేప నీటి పైకి వచ్చి ఆయాసంగా నోరు తెరుస్తుంది. చూసినవాళ్ళు ఆకలనుకొని మరో చిటికెడు వేస్తారు. ఇల్లంతా ప్రేమించిన చేప చనిపోయేది ఎక్కువగా ఇలాగే.

దీనికి ప్రకృతి ఒక ఉపాయం చేసి పెట్టింది. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక గాజు తొట్టిలో రెండు బంగారు చేపలను, వాలిస్నీరియా అనే నీటి మొక్కను పెట్టి, నీరు మార్చకుండా చేపలు ఎంతకాలం బతుకుతాయో చూశాడు. మొక్క ఆక్సిజన్ ఇచ్చింది గాని, దాని పాత ఆకులు కుళ్ళి నీటిని పాడుచేయసాగాయి. అప్పుడాయన చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకులను తిన్నాయి, నీరు తేటపడింది. ఇళ్ళలో చేపల తొట్టి పెంచడమనే వేడుక ఇలాంటి ప్రయోగాల నుంచే వ్యాపించింది. అయితే ఆ తొట్టిలో వారింగ్టన్‌కు కనిపించని సహాయకులు కూడా ఉన్నారు. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వాటి జాతివారి గుట్టు విప్పాడు. ఒక రకం బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ మాత్రం చాలా నయం, మొక్కలకు ఎరువు కూడాను.

ఈ మేలుచేసే బాక్టీరియా కొత్త తొట్టిలో ఉండవు. అడుగు రాళ్ళ మీద, ఫిల్టరు స్పాంజిలో అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు మొదటి నెలలోనే ఎక్కువగా చనిపోవడానికి కారణం ఇదే. కాబట్టి కొత్త తొట్టిలో ఒకటి రెండు చేపలే వేయండి, తిండి మరీ పొదుపుగా వేయండి.

ఇంకో మాట. బతుకమ్మ, దసరా వస్తున్నాయంటే మన ఇళ్ళలో సామానంతా బయటపెట్టి కడుగుతాం కదా! అదే ఊపులో తొట్టినీ ఖాళీ చేసి, రాళ్ళు, స్పాంజి సబ్బుతో తోమి, కొత్త నీరు నింపుతారు. అద్దం మెరుస్తుంది. బాక్టీరియా మాత్రం పోతాయి. తొట్టి మళ్ళీ మొదటి రోజుకు వస్తుంది! వారానికొకసారి నాలుగో వంతు నీరు తీసి, అంతే కొత్త నీరు పోస్తే చాలు. స్పాంజిని కుళాయి కింద కాకుండా, తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండండి. సబ్బు ఎప్పుడూ తగలకూడదు. మన కుళాయి నీటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. అది మనకు మేలు, చేప మొప్పలకు కీడు. వెడల్పు మూతి ఉన్న బకెట్టులో ఒక రోజంతా తెరిచి ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలోకి పోతుంది.

ఇక ఇంట్లో ఇంతమంది ఉన్నప్పుడు తిండి సంగతి ఎలా? ఎవరి చేతినీ పట్టుకొని ఆపలేం. నాయనమ్మను కోప్పడటం అసలే పనికిరాదు. నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఇది. ఖాళీ అగ్గిపెట్టెలు ఏడు తీసుకోండి. ఆదివారం నాడే ఒక్కో పెట్టెలో ఒక్కో రోజు తిండి లెక్కపెట్టి వేసి, పైన వారం పేరు రాసి తొట్టి పక్కన పేర్చండి. పెద్ద డబ్బా అమ్మ బీరువాలో పెట్టేయాలి. ఎవరు వేసినా ఆ రోజు పెట్టెలోంచే వేయాలి. పెట్టె ఖాళీ అయితే ఆ రోజుకు భోజనం అయిపోయినట్టే. నాయనమ్మకు వేయాలనిపిస్తే సగం ఆమె చేతికే ఇవ్వండి. ఎంత వేయాలంటే, రెండు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినేసేటంత, రోజుకు ఒకటి రెండు సార్లు. మొదటి రోజు గడియారం పెట్టుకొని చూస్తే మీ చేపల లెక్క మీకే తెలుస్తుంది. బిస్కెట్టు, మురుకులు, మిక్చరు వద్దు. వాటి నూనె నీటి మీద పొరలా పరుచుకుంటుంది. మార్పుగా ఏదైనా పెట్టాలనిపిస్తే, ఉడికించి పొట్టు తీసిన పచ్చి బఠాణీ చిన్న ముక్కలు చేసి వేయండి, బంగారు చేపలు ఇష్టంగా తింటాయి.

సమ్మక్క సారలమ్మ జాతరకు ఇల్లంతా మేడారం వెళ్ళి నాలుగు రోజులు ఉండి రావలసి వస్తే? ఏమీ చేయనక్కరలేదు. ఎదిగిన ఆరోగ్యమైన చేప నాలుగు రోజులు తిండి లేకుండా సులువుగా ఉండగలదు. వెళ్ళే ముందు "నాలుగు రోజులకీ సరిపోయేట్టు" వేయడం, తాళంచెవితో పాటు తిండి డబ్బా పక్కింటివారికి అప్పజెప్పడం, ఈ రెండే ప్రమాదం.

ఎండాకాలం గురించి కొంచెం జాగ్రత్తగా వినండి. మన వరంగల్‌లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములకు పైగా కరిగేది, ముందు చెప్పినట్టు 30 దగ్గర ఏడున్నరకు దిగుతుంది. అదే సమయంలో వేడికి చేప శరీరంలో పనులు వేగమై దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా ఉంచండి, తిండి ఇంకా తగ్గించండి. కరెంటు పోయి గాలి పంపు ఆగితే, చెంబుతో తొట్టి నీరే తీసుకొని జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోకే పోస్తూ ఉండండి. ఆ తుంపర్లతో గాలి కలుస్తుంది. కాని తొట్టిలో చేయి లేదా చెంబు పెట్టే ముందు పంపు, దీపం ప్లగ్గులు పెద్దవాళ్ళ చేత తీయించాలి సుమా! దోమల మందు కొట్టేటప్పుడు కూడా తొట్టిని కప్పి, పంపు ఆపాలి. గదిలోని గాలినే పంపు నీటిలోకి తోస్తుంది. ఆ మందుల్లో చాలావాటికి వాడే పైరిత్రాయిడ్లు మనుషులకంటె చేపలకు ఎన్నో రెట్లు విషం.

పరీక్షల రోజుల్లో చూసుకునే తీరిక లేకపోతేనో, చేప తొట్టికి మించి పెరిగితేనో కొందరు పుణ్యమని చెప్పి దాన్ని చెరువులో వదిలేస్తారు. భద్రకాళి చెరువైనా, వడ్డేపల్లి చెరువైనా ఆ పని చేయకండి. అద్దాలకు పట్టిన పాచి తింటుందని దుకాణాల్లో అమ్మే సక్కర్ చేప సంగతి వినండి. వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది, పెరిగితే అడుగు దాటుతుంది. దక్షిణ అమెరికా నదులలోని ఈ గట్టి పొలుసుల చేప ఇప్పుడు తెలుగు నేలమీది చెరువుల్లో, ఏరుల్లో చేరిపోయింది. దాని ముళ్ళు జాలర్ల వలలను చింపుతాయి. వాళ్ళు దాన్ని దెయ్యం చేప అంటారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, చెరువు నీటిలో కరిగి ఉన్న దాని డి.ఎన్.ఎ.ను బట్టి అది ఎక్కడెక్కడ ఉందో కనిపెట్టే పద్ధతిని తయారుచేశారు. గుడ్లు పెట్టడానికి ఇది గట్టు మట్టిలో బొరియలు తవ్వుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులకు 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో కట్టిన కట్టలు మట్టివేనని మీకు తెలుసు కదా!

కాబట్టి చేపను ఉంచుకోలేకపోతే కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. చాలామంది తీసుకుంటారు. లేదా పెద్ద తొట్టి ఉన్న స్నేహితుడికి ఇవ్వండి, ఏడు అగ్గిపెట్టెలతో సహా.