ఖాళీగా తిరిగిరాని గిన్నె

పాత స్టీలు గిన్నెను తిరగేసి చూస్తే అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు కనిపిస్తుంది. కొట్లో కొన్నప్పుడే పేరు వేయించుకోవడానికి పెద్ద కారణం ఒకటే, గిన్నె ఇల్లు దాటి వెళ్తుంది. సంక్రాంతికి అరిసెలతో పక్కింటికి వెళ్లిన గిన్నె నాలుగు రోజులు అక్కడే ఉండి, ఇంకేదో నింపుకుని వచ్చేది. ఇంట్లో ఏమీ లేకపోతే నాలుగు పంచదార పలుకులైనా వేసి ఇచ్చేవారు తప్ప, ఉత్త గిన్నె ఇవ్వడం మర్యాద అనిపించుకునేది కాదు. ఇప్పుడు అరిసెల పక్కన కేకు చేరింది. గ్యాస్కెట్టూ విజిలూ తీసేసిన కుక్కర్లో ఉప్పో ఇసకో పోసి కేకు చేయడం ఓవెను లేని ఇళ్లకూ తెలిసిన విద్యే. అందులో నాలుగు ముక్కలు ఎదురు ఫ్లాటుకు పంపినప్పుడు, పరిచయం పెంచడంలో కేకు కన్నా గిన్నెకే ఎక్కువ పని ఉందని నా లెక్క.

ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ మనుషుల మీద ఉండే బాధ్యతలేనని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో వివరించాడు. బజార్లో డబ్బు చెల్లించగానే లెక్క తెగిపోతుంది. గిన్నె మిగిల్చే బాకీకి ఇంతని ధర లేదు, ఫలానా రోజుకని గడువూ లేదు. దాన్ని తీర్చాలంటే తలుపు తట్టాలి, తట్టాక "రండి, కూర్చోండి" అనక తప్పదు. మిఠాయి దుకాణం అట్టపెట్టెతో ఈ పని జరగదు, అది ఆ రాత్రికే చెత్తబుట్టలో ఉంటుంది. అడగకుండా పంపితే ఏమనుకుంటారో అన్న జంకు మాత్రం చాలామందికి ఉంటుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కొందరి చేత ముక్కూమొహం తెలియనివాళ్లకు కప్‌కేకులు, వేడి చాక్లెట్ ఇప్పించి చూశారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఇచ్చినవాళ్లు ఊహించినదానికన్నా పుచ్చుకున్నవాళ్ల సంతోషమే ఎక్కువ. ఇచ్చేవాళ్ల చూపు వస్తువు మీద ఉంటుంది, అందుకున్నవాళ్లకు దాని వెనకున్న ఆప్యాయత కనిపిస్తుంది.

అయితే ఈ మర్యాదను మరీ మురిపెంగా తలుచుకోవడమూ పొరపాటే. ఎవరి చేతి వంట ఎవరు తినాలో కులం తేల్చిన ఊళ్లలో గిన్నె అన్ని గడపలూ తొక్కలేదు. "గుడ్డు వేశారా?" అన్న ప్రశ్న వెనక ఒక్కోసారి కేకు గురించి కాక, మనుషుల గురించిన ఆరా ఉంటుంది. మూత మీద గుడ్డు ఉందో లేదో రాసి పంపితే నిజమైన ఆహార నియమాలకు గౌరవం దక్కుతుంది. అది చదివాక కూడా వద్దనేవాళ్ల సంగతి వేరు, వాళ్ల కోసం పంపడం మానుకోనక్కర్లేదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది: ఇంటికి పేరొస్తుంది, నడుం నొప్పి మాత్రం పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడమనిషికి. నాలుగు ముక్కల కేకుకు బదులుగా పళ్లెం నిండా పిండివంటలు వస్తే, అది పోటీ అవుతుంది, మరుసటి పండక్కి గిన్నె కదలదు. పంచదార పలుకుల్లోని తెలివి అక్కడే ఉంది, బాకీ కొనసాగుతుంది కానీ పెరగదు. షుగర్ ఉన్న ఇంటికి చేగోడీలు పంపవచ్చు. తిరుగు గిన్నెలో రెండు రెబ్బల కరివేపాకు వేసినా చాలు. సొంత కుండీలోదైతే మరీ మంచిది, ఏం ఎరువు వేస్తున్నారని ఇంకాసేపు గుమ్మంలోనే నిలబడి మాట్లాడుకోవచ్చు.