ఎముక అతికినది, మరి వ్యాధి తీరినదా?

అరువది దాటిన స్త్రీ పెరటిలో జారి, చేయి ఆన్చి పడినచో మణికట్టు విరుగుట మనము తరచు చూచునదే. పుత్తూరు కట్టో, పిండికట్టో వేయింతురు. కొన్ని వారములలో ఎముక అతుకును. ఇంటిల్లిపాది ఊరట చెందుదురు. అంతమాత్రపు పాటునకే ఎముక ఏల విరిగినదని అడుగువారు అరుదు.

నిలుచున్న ఎత్తు నుండి పడినంతనే విరిగినచో, ఎముకలు గుల్లబారినవని అనుమానింపవలెను. కట్టు అతికించునది విరిగిన ఎముకను మాత్రమే. తక్కినవాని బలహీనత అట్లే ఉండును. మరల పడి తుంటి ఎముక విరిగినచో మంచము పట్టుటయే కాదు, ప్రాణాపాయము సైతము కలుగవచ్చును.

కారణము

వాగ్భటాచార్యులు అస్థిని వాతమునకు ఆశ్రయముగా చెప్పినారు. వాతము పెరిగినకొలది అస్థి క్షీణించును. వార్ధక్యమున వాతము సహజముగనే ప్రబలమగును. ముట్లుడిగిన స్త్రీలలో ఈ క్షయము వేగిరపడును. దీర్ఘకాలము స్టిరాయిడ్లు వాడినవారికి, పొగత్రాగువారికి, మద్యపానపరులకు కూడ ఈ భయము కలదు. నొప్పి లేదు గనుక ఎముకలు గట్టివని తలపరాదు. ఎత్తు తగ్గుట, వెన్ను వంగుట కనిపించినచో డెక్సా పరీక్ష చేయించవలెను. టీ-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకు తక్కువ గాని ఉన్నచో వ్యాధి నిర్ధారణమగును.

ఆహారము

ముట్లుడిగిన స్త్రీకి దినమునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావలెను. 100 గ్రాముల రాగులలో సుమారు 350, పావు లీటరు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు లభించును. నువ్వులు, మునగాకు కూడ శ్రేష్ఠములు. కాల్షియం ఒంటబట్టుటకు విటమిన్ డి అవసరము గనుక ముఖము, చేతులు కొంతసేపు ఎండకు చూపవలెను.

వజ్రవల్లి యను నల్లేరు మన పెరటి ఔషధము. చేతులకు నూనె రాచుకొని, లేత కాడల కణుపులు, నార తీసి, ముక్కలను నేతిలో బాగుగ వేయించవలెను. వేయించిన మినపపప్పు, ఎండుమిరప, చింతపండు, ఉప్పు చేర్చి పచ్చడి నూరవలెను. పచ్చిది తినరాదు, గొంతు దురదపెట్టును.

చికిత్స

తిక్తద్రవ్యములతో పక్వము చేసిన పాలు, నెయ్యి, వస్తికర్మ చరకసంహిత చెప్పిన మార్గము. లాక్షాది గుగ్గులు వైద్యుని పర్యవేక్షణలోనే సేవింపవలెను.

అయితే విరిగిన తుంటికి కట్టు చాలదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. సాధారణముగా శస్త్రచికిత్స అవసరమగును. ఎలెండ్రోనేట్ మాత్ర వాడువారు పరగడుపున గ్లాసెడు మంచినీటితో మింగి, అరగంట వరకు పడుకొనరాదు. డెనోసుమాబ్ సూదిమందు ఆరు నెలలకొకమారు తప్పక వేయించుకొనవలెను. స్వయముగ మానినచో వెన్నుపూసలు విరుగవచ్చును. మా మందులు మొదలిడితిమని వానిని విడువరాదు.

పడకుండుట

స్నానాలగదిలో నాచు, తడి లేకుండ చూడవలెను; పట్టుకొనుటకు కడ్డీ బిగించవలెను. రాత్రి చిన్న దీపము ఉంచవలెను. వదులు చెప్పులు మానవలెను. కంటిచూపు పరీక్షించుకొనవలెను. నిత్యము నడచుట, కుర్చీ నుండి చేతులు ఆన్చక పదిమార్లు లేచి కూర్చొనుట కాళ్లకు బలము నిచ్చును. వెన్ను బలహీనమైనవారు ముందుకు వంగి బరువులెత్తరాదు.