అడవుల పునరుజ్జీవనంలో ఉపాధ్యాయుల పాత్ర

వికారాబాద్ జిల్లా బొంరాస్‌పేట, పరిగి, తాండూరు ప్రాంతాల్లో ఉన్నవి ఆకురాల్చే శుష్క అడవులు. వేసవిలో మోడుబారినట్లు కనిపించే ఈ అడవులను చూసి, కొత్తగా మొక్కలు నాటితే తప్ప పచ్చదనం రాదని పలువురు భావిస్తుంటారు. వాస్తవానికి నరికివేతకు గురైన అనేక చెట్ల వేళ్లు భూమిలో సజీవంగానే ఉంటాయి. తొలకరి పడగానే ఆ మొద్దుల నుంచి పిలకలు వస్తాయి. విద్యార్థులను అడవికి తీసుకువెళ్లే ఉపాధ్యాయులు, హరితదళాల బాధ్యులు మొదట చూపవలసినది ఈ మొద్దులనే.

ఒక మొద్దు నుంచి వచ్చిన పిలకలన్నింటినీ వదిలివేస్తే అవి ఒకదానితో ఒకటి పోటీపడి పుల్లలుగానే మిగులుతాయి. బలమైన ఒకటి, రెండింటిని ఉంచి మిగిలినవి తొలగిస్తే అవి చెట్లుగా ఎదుగుతాయి. మొద్దును నేలకు దగ్గరగా, నీరు నిలవకుండా ఏటవాలుగా కోయాలి. ఈ పనులను అటవీ సిబ్బంది పర్యవేక్షణలోనే చేపట్టవలసి ఉంటుంది.

పిలకలకు ప్రధాన శత్రువులు నిప్పు, పశువుల మేత. తునికాకు చిగుళ్లు బాగా వస్తాయన్న నమ్మకంతో కొందరు పొదలకు నిప్పు పెడుతుంటారు. ఆ మంటల్లో లేత మొక్కలు, నేలపై పడిన విత్తనాలు కాలిపోతాయి. కొమ్మలను కత్తిరించినా తునికి చక్కగా చిగురిస్తుంది. ఎండాకులు తొలగించిన ఫైర్‌లైన్లు మంటల వ్యాప్తిని అడ్డుకుంటాయి. వాలుకు అడ్డంగా తవ్విన కందకాలు వాననీటిని నేలలోకి ఇంకించి వేళ్లకు తేమను అందిస్తాయి.

ప్రజలు కాపలా కాస్తే అడవి తిరిగి వస్తుందని పశ్చిమ బెంగాల్‌లోని అరబారి గ్రామాలు 1970వ దశకంలో నిరూపించాయి. అక్కడ గుగ్గిలం చెట్ల మొద్దులే మళ్లీ అడవిగా ఎదిగాయి. కేంద్రం 1990లో ఉమ్మడి అటవీ యాజమాన్య మార్గదర్శకాలు జారీ చేయగా, 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితుల విధానం అమలులోకి వచ్చింది. పాఠశాలల్లో జాతీయ హరిత దళం 2001లో ఆరంభమైంది. 2015లో చేపట్టిన తెలంగాణకు హరితహారం లక్ష్యమైన 230 కోట్ల మొక్కలలో 100 కోట్లను అడవుల లోపల, ప్రధానంగా పునరుజ్జీవనం ద్వారా పెంచాలని నిర్దేశించారు.

ఉపాధ్యాయులు అటవీ అధికారుల అనుమతితో ఒక చిన్న భాగాన్ని ఎంచుకుని, ఏటా అదే చోటికి విద్యార్థులను తీసుకువెళ్లాలి. పిలకల సంఖ్య, ఎత్తు, కాలిన గుర్తులు, మేత జాడలు నమోదు చేయించాలి. మూడు, నాలుగేళ్ల లెక్కలను పక్కపక్కన ఉంచితే, కాపాడిన నేలకూ కాపాడని నేలకూ గల తేడా విద్యార్థులకే అవగతమవుతుంది. వేసవిలో అగ్గిపుల్ల గీయబోయే చేతిని ఇంట్లోనే వారించగలవారు ఆ పిల్లలే.