ఒక దీపం ఆరితే అన్నీ ఆరాలా?

పిల్లలూ! దీపావళికి గుమ్మానికి కట్టే చిన్న బల్బుల తోరణాలు చూసే ఉంటారు. పాతరకం తోరణంలో ఒక్క బల్బు మాడితే చాలు, మొత్తం ఆరిపోయేది. ఆ బల్బులను శ్రేణిలో కలిపారన్నమాట. ఇంట్లో దీపాలను మాత్రం సమాంతరంగా కలుపుతారు. వంటింట్లో బల్బు పోయినా వసారాలో వెలుగుతూనే ఉంటుంది.

కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఇదే చిక్కు వచ్చింది. అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఒకప్పుడు సినిమా డీవీడీలను టపాలో ఇళ్ళకు పంపేది. 2008 ఆగస్టులో దాని డేటాబేసు, అంటే సమాచారమంతా దాచే ఖజానా, చెడిపోయింది. మూడు రోజులపాటు డిస్కులు పంపలేకపోయారు!

అప్పుడు ఇంజనీర్లు సొంత యంత్రశాలలు వదిలి అద్దె కంప్యూటర్లకు మారడం మొదలుపెట్టారు. మారుతూ మారుతూ, పెద్ద ప్రోగ్రామును వందలాది చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టారు. వచ్చినవారెవరో ఒకటి సరిచూస్తుంది. ఇంకొకటి డబ్బు లెక్క చూస్తుంది. వేరొకటి మీకు నచ్చే సినిమాలు ఎంచి పెడుతుంది. దేని ఖజానా దానిదే. ఒకదాన్ని మార్చాలంటే మిగతావాటిని ఆపనక్కరలేదు. ఈ పద్ధతినే మైక్రోసర్వీసులంటారు. ఆ మార్పు పూర్తయ్యేసరికి 2016 జనవరి వచ్చింది.

ఇంతటితో సమస్య తీరిందా? తీరలేదు సుమా! ఈ ప్రోగ్రాములు ఒకదాన్నొకటి నెట్‌వర్కు ద్వారా అడగాలి. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, ఇలా పదీ పలికితేనే జవాబు వస్తుందనుకోండి. ప్రతిదీ నూటికి 99 సార్లు సరిగ్గా పనిచేస్తుంది. మంచిదే కదూ? కాగితం తీసుకుని 0.99ను పదిసార్లు వేసి గుణించండి. సుమారు 0.90 వస్తుంది. అంటే నూటికి దాదాపు పదిసార్లు జవాబు రాదు! ముక్కలు చేసినా మళ్ళీ శ్రేణి తోరణమే అయింది.

అందుకే ఏ ముక్క పలకకపోతే ఏం చేయాలో ముందే ఆలోచించాలి. సినిమాలు ఎంచే ప్రోగ్రాము పడిపోతే నెట్‌ఫ్లిక్స్ ఊరుకోదు, అందరూ చూసే సినిమాల జాబితా చూపిస్తుంది. పైగా వాళ్ళు ‘కేయాస్ మంకీ’ అనే ప్రోగ్రాము తయారుచేశారు. పేరుకు తగ్గ కోతే! ఇంజనీర్లు పనిలో ఉన్న వేళల్లోనే ఏదో ఒక యంత్రాన్ని ఆపేస్తుంది, మిగతావి తట్టుకుంటాయో లేదో తేలిపోతుంది.

అన్నింటినీ ఇలా ముక్కలు చేయడం మాత్రం నాకు సబబుగా తోచదు. అమెజాన్ ప్రైమ్ వీడియోలో బొమ్మ, ధ్వని నాణ్యతను పరీక్షించే సాధనం ఒకటి ఉంది. దాని భాగాల మధ్య బొమ్మలను చేరవేయడానికే బోలెడు ఖర్చయ్యేది. ఇంజనీర్లు ఆ భాగాలను తిరిగి ఒకే ప్రోగ్రాముగా కలిపేశారు. ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని 2023లో ప్రకటించారు.