స్తంభము పగులు వేళ

గడచిన దసరా సెలవులలో నిజామాబాదునుండి బోధనుకు పోయి, శక్కర్‌నగరులో ఒక మిత్రుని యింట ఒక పూట గడిపితిని. ఆయన చక్కెర కర్మాగారములో పనిచేసి విశ్రాంతి గొన్నవారు. 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుగన్న ఆ కర్మాగారములో 2015లో గానుగ ఆగిపోయినది. చెరకుబండ్ల బారులు లేని బాటవెంట నడచి యింటికి చేరునప్పటికి, వసారాలో ఆయన మనుమడు, పదేండ్ల బాలుడు, రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలతో హిరణ్యకశిపుని సభ కట్టుచుండెను.

"స్తంభం పగిలినట్ల గొట్టాలె తాతా, గని కింద పడొద్దు" అనుచున్నాడు.

పోతన భాగవతములోని సప్తమస్కంధమును ఇరువది యైదేండ్లుగా పాఠము చెప్పుచున్నాను. స్తంభము ఏ వైపునుండి పగులునో నేనెన్నడును తలచి యెరుగను!

లెగో అను ఈ యిటుకలు డెన్మార్కులోని బిల్లుండ్‌లో పుట్టినవి. ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. ఒకదానినొకటి గట్టిగా పట్టుకొను నేటి ఇటుక 1958 నాటిది. ఎనిమిదేసి బుడిపెలు గల ఒకే రంగు ఇటుకలు ఆరింటిని 91,51,03,765 విధముల కూర్పవచ్చునట. పాశ్చాత్యులలో కొందరు వీనితో ఆపెరా, అనగా పాడుచు ఆడెడి నాటకము, అందలి ఘట్టములను నిర్మించుట వ్యాపకముగా చేసికొనిరి. 19వ శతాబ్దిలోనే ఐరోపా ఇండ్లలో బల్లమీద పట్టునంతటి అట్ట రంగస్థలములు వెలసినవి. నాటకశాలలో చూచినదానిని పిల్లలు ఇంట మరల ఆడుకొనెడివారు.

మనకు పాడుచు ఆడెడి నాటకము యక్షగానము. చిందు భాగవతమునకు ఈ జిల్లా పేరెన్నిక గన్నది. 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ ఈ ప్రాంతపు కళాకారిణియే. బొమ్మలతో కథ నడపుటయు మనకు క్రొత్త గాదు. చేర్యాల నకాషీలు తేలిక కొయ్యపై చింతగింజల అంబలియు రంపపు పొట్టును కలిపి మెత్తి చేసిన బొమ్మలను ఒక్కొక్కటిగా నిలుపుచు, మందెచ్చులవారు కాటమరాజు కథను గానము చేయుదురు. అక్కడ బొమ్మ కదలదు. పాట దానిని కదలించును.

బాలుని చిక్కు అదే. ఈ యిటుకలతో వచ్చు అంగుళమున్నర మనిషిబొమ్మ (ఇది 1978లో వచ్చినది) భుజమును, తుంటిని త్రిప్పగలదు గాని మోచేయి వంచలేదు, మోకాలు మడువలేదు. గడపపై కూర్చుండి రాక్షసుని తొడలమీద పరుండబెట్టుకొనవలసిన నరసింహుడు కాళ్లు చాచి కూర్చున్న బాలింతవలె కనబడెను! బాలుడు ఆ బొమ్మను తీసివేసి, గోధుమరంగు ఇటుకలతోనే నరసింహుని కట్టినాడు. ఆకారము పెద్దదైనది, తొడలు వంగినవి. స్తంభమునకు మరియొక ఉపాయము పన్నినాడు: పై ముక్కలను ఒక్కొక్క బుడిపెమీద మాత్రమే ఆనించి, ఓరగా త్రిప్పి వదలినాడు. అవి పడవు, నిలువవు. మన తరగతులలో కథ చెప్పి, ప్రశ్నోత్తరములు వ్రాయించి ముగింతుము. ఈ కథలో ఏ క్షణమును ఆపి చూపెదవని విద్యార్థిని ఎన్నడైన అడిగితిమా?

అంతవరకు పత్రిక చదువుచున్న మిత్రుడు కండ్లజోడు తీసి, "రాజు గట్ల నిలవడడు బిడ్డా" అన్నారు. బాల్యమున తమ యూరిలో చిందువారి ఆటలు తెల్లవార్లు చూచిన మనిషి. లేచి, కుర్చీ వెనుకకు నెట్టి, గద భుజమున నున్నట్లు చేయి మడిచి, నోటితో తాళము వేయుచు నాలుగడుగులు వేసినారు. పిదప పాట యెత్తుకొనిరి. రెండు చరణములు నడచినవి. మూడవది రాలేదు.

"తర్వాత ఏందే తాతా?"

ఆయన మొదటినుండి మరల పాడినారు. మరల అక్కడనే ఆగినారు. "చిందోళ్లకే ఎరుక. మా ఊరికి వాండ్లు రాక ఎన్నేండ్లాయెనో" అని కూర్చుండిరి.

బాలుడు రాజుబొమ్మ చేతిని భుజమువరకు త్రిప్పి గదను పెట్టినాడు. నేను బయలుదేరునప్పుడు వాని నాయనమ్మ చీపురుతో వచ్చి, వసారా ఖాళీ చేయుమన్నది. వాడు రెండు చేతులు అడ్డముపెట్టి, "తాతకు పాట యాదికొచ్చేదాక తియ్య" అన్నాడు. ఆమె ఆ సభచుట్టును ఊడ్చుకొని పోయినది.